ధనంజయ చెక్కు, కృపామణి రసీదు

కృపామణికి నలభై ఆరేళ్లు. తవణంపల్లె చుట్టుపక్కల మామిడి తోటల్లో కాయ కోసే కూలీలకు ఆమె మేస్త్రి. పద్నాలుగేళ్లప్పుడు నేల రాలిన కాయలు ఏరడానికి వచ్చిన పిల్ల, ఇప్పుడు పాతికమందిని వెంటేసుకుని తోటలోకి దిగుతుంది. చెట్లను ఒకసారి చుట్టి వచ్చి ఇన్ని టన్నులు దిగుతాయని చెబితే చాలు, రైతులు లారీకి ఫోను చేసేస్తారు. ఆమె బడికి పోయింది లేదు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని, పక్కవాళ్లు పాడే మాటను అచ్చులో వెతుక్కుంటూ, ముప్పై దాటాక చదవడం నేర్చుకుంది. రాయడం మాత్రం ఇప్పటికీ నింపాదే.

పోయిన అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున ఆమెకు ధనంజయ ఫోను చేశాడు. ఆయనకు ఏడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. పంపు షెడ్డు మీంచి జారిపడి, తుంటి ఎముక విరిగి, నెల రోజులుగా తిరుపతి ఆసుపత్రిలో మంచం మీదున్నాడు. భార్య లోకేశ్వరి కూడా అక్కడే. ఇంటి తాళాలు కృపామణికి ఇచ్చి పోయారు. ఆవుకు మేతా నీళ్లూ ఆమే చూస్తోంది.

"కృపామణీ, కాయలకు గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన చెక్కు బీరువాలో పెట్టి మర్చేపోయినా. ఈ ఆదివారంతో దానికి మూడు నెల్లు నిండిపోతాయి. ఆ పైన చెల్లదు. రేపు రెండో శనివారం, బ్యాంకు ఉండదు. ఈ పొద్దే నా ఖాతాలో వెయ్యాల."

"నీ ఖాతాలో నేను వెయ్యొచ్చునా అన్నా?"

"ఎవరైనా వెయ్యొచ్చునంట. పాసుబుక్కు కూడా ఎత్తుకొనిపో."

ఫోనులో వెనకనుంచి లోకేశ్వరి గొంతు వినిపించింది. "లక్షా ఎనభై వేలు గదా! మీ తమ్మునికి చెప్పరాదా?"

"వాడు పోతాడో పోడో నాకు తెలీదు. ఈమె పోతాదని తెలుసు" అన్నాడు ధనంజయ.

కృపామణి వాళ్లింటి తాళం తీసి చెక్కు, పాసుబుక్కు తెచ్చుకుంది. చర్చికి కట్టే చీర కట్టుకుంది. చెక్కు పాసుబుక్కులో పెట్టి, దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, సంచిలో వేసుకుని చిత్తూరు బస్సెక్కింది. దారి పొడుగునా సంచి ఒళ్లోనే.

బ్యాంకులో జనం కిటకిటలాడుతున్నారు. డిపాజిట్ చీటీ తీసుకుని గోడవారగా నిలబడింది. పక్కనున్న మనిషి "ఇట్లియ్యమ్మా, నేను రాస్తా" అని చెయ్యి చాపాడు.

"వద్దులేప్పా, నేనే రాస్తాను."

మొదటి చీటీలో ఖాతాదారు పేరుండేచోట అలవాటుగా తన పేరే రాసేసింది. దాన్ని చించి ఇంకొకటి తీసుకుంది. రెండోదానిలో ఒక సున్నా తక్కువ పడింది. మూడోది రాసి, పాసుబుక్కులో ఒక్కో అంకె మీద గోరు పెట్టి మూడుసార్లు సరిచూసుకుంది. చెక్కు వెనకాల ఖాతా నంబరు, ఫోను నంబరు కూడా వేసింది. అంతా అయ్యేసరికి అరగంట పట్టింది.

కౌంటరులో ఉన్న కుర్ర గుమాస్తా మునికుమార్ తల కూడా ఎత్తలేదు. "ఆ చెక్కుల పెట్టెలో వేసి పోమ్మా."

"రసీదు ఇయ్యి నాయనా."

"పెట్టెలో వేస్తే రసీదుండదు. అందరూ అట్నే వేస్తారు."

"వేస్తే ఈ పొద్దే పోతాదా?"

అప్పుడు తలెత్తాడు. "పొద్దున్నే పెట్టెలోవి తీసేసినారు. ఇప్పుడు వేసింది సోమవారం పోతాది."

"సోమవారానికి ఇది ఉత్త కాగితం. తేదీ సూడు."

అతను తేదీ చూడలేదు, పేరు చూశాడు. "ధనంజయ ఎవరు? ఆయన్నే రమ్మను."

"ఆయన మంచం మీంచి లేవలేడు. డబ్బు తీసేదానికైతే ఆయన సంతకం కావాల. వేసేదానికి ఆయనెందుకు నాయనా?" ఆమె గొంతు పెరిగింది. "ఇది నా చెక్కయితే పెట్టెలో వేసి పోతాను. పోతే నాది పోతాది. ఇది ఇంకొకరిది. నువ్వు ముద్ర కొట్టి చేతికిస్తేగానీ ఈడ్నుంచి కదల్ను."

వెనక వరసలో ఒకరిద్దరు విసుక్కున్నారు. ఒక ముసలాయన మాత్రం "ఆమె చెప్పేది న్యాయమే గదప్పా" అన్నాడు. ఆ సందడికి మేనేజరు స్రవంతి గదిలోంచి బయటికొచ్చింది. చెక్కు తీసుకుని తేదీ చూసింది, చీటీ చూసింది.

"ఎవరైనా వెయ్యొచ్చు మునికుమార్. రసీదు అడిగితే ఇవ్వాల్సిందే. ఈరోజు క్లియరింగ్‌కి ఇంకా టైముంది, ఇప్పుడే పంపించు" అని, కృపామణి వైపు తిరిగింది. "ఈ చీటీ ఎవరు రాసిచ్చారమ్మా?"

"నేనే రాసినాను మేడమ్."

"ఒక్క తప్పు లేదు."

కృపామణి వెన్ను దానంతటదే నిటారుగా అయింది. రసీదుగా ముద్ర పడిన సగం చీటీని మునికుమార్ చేతిలోంచి అందుకుంది.

"తేదీ చూసుకోలేదక్కా" అన్నాడు మునికుమార్ మెల్లగా.

"నువ్వు దినానికి ఎన్ని కాగితాలు సూస్తావో! నాకు ఇదొక్కటే గదా" అని నవ్వింది.

రసీదు ఫోటో తీసి పంపితే సరిపోయేది. కానీ దాన్ని చేతికే ఇవ్వాలనిపించింది. సాయంత్రం ఆవును చూసుకోమని కూతురు రెబెకాకు ఫోనులో చెప్పి, అటునుంచి అటే తిరుపతి బస్సెక్కింది.

ఆసుపత్రిలో లోకేశ్వరి రసీదును పైనుంచి కిందిదాకా చదివింది. "పొద్దున అట్లంటినని మనసులో పెట్టుకోవద్దు కృపామణీ."

"మీ డబ్బక్కా. అడగాల్సిందే."

పక్క మంచం పేషెంటు "మీ బంధువా?" అని అడిగాడు. ధనంజయ దిండు మీంచి తల కాస్త పైకెత్తి, గదంతా వినపడేలా చెప్పాడు. "మా కోత మేస్త్రి. చెక్కు చెల్లకుండా పోయేదాన్ని నిలబెట్టింది ఈమే."

డబ్బు పడినట్టు సోమవారం మెసేజ్ వచ్చింది. ధనంజయ ఆ సంగతి ఫోనులో చెప్పేటప్పటికి కృపామణి ఒక తోటలో ఎండుకొమ్మలు కొట్టిస్తోంది. పని ఆపించి, బస్సెక్కిన దగ్గర్నుంచి మొత్తం కథ కూలీలకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి వాళ్లే చెప్పించుకున్నారు.