అన్నలు కూర్చుని చూసిన నాటకం

ఎడ్నా గరాయ్ పొద్దున్నే, ఆకుల్లో చుట్టి కాల్చే లాప్‌లాప్ కోసం పెండలం తురుముతూ, నాటకంలో అందరి మాటలూ తనే చెప్పుకుంటుంది. మొగుడి మాటకు గొంతు బొంగురు చేస్తుంది, అత్త మాటకు మూతి తిప్పుతుంది. చేతిలో తురుము మాత్రం ఆగదు. దారినపోయే ఆడవాళ్లు కంచె దగ్గర నిలబడి, "ఇవాళ ఎవరితోనే పోట్లాట?" అని నవ్వి పోతారు.

లుగాన్‌విల్ పట్నంలో ఆమె చాలా ఏళ్లు ఒక నాటక బృందంలో పనిచేసింది. దోమతెరల గురించి, తాగుడు గురించి, బడి మానేసిన పిల్లల గురించి నాటకాలు కట్టుకుని పడవల్లో దీవి నుంచి దీవికి తిరిగే బృందం అది. సొంత దీవికి వచ్చేశాక ఆమె ఊరుకోలేదు. మగవాళ్లు చేరే నకమల్ ఇంటి వాకిట్లో మత్తిచ్చే కావా వేరు రసం తాగుతూ పొద్దుపుచ్చే కుర్రాళ్లను పోగేసి తనే ఒక బృందం కట్టింది.

ఆ ఏడు ఊళ్లో ఒక పసిబిడ్డకు పుట్టిన నాలుగు రోజులకే కళ్లలో చీము పట్టింది. చూపు దక్కడం అదృష్టమే. నర్సు ఎథెల్ వచ్చి ఎడ్నా పక్కన చాప మీద కూలబడింది.

"సుఖరోగం ఇది. తండ్రి నుంచి తల్లికి, తల్లి నుంచి బిడ్డకి. మందు నా బీరువాలోనే ఉంది. మగాడు ఒక్కడూ నా గుమ్మం తొక్కడు. ఆకు పసరు తాగేసి తగ్గిపోయిందంటారు. ఇంకో ఇద్దరమ్మాయిలు కడుపుతో ఉన్నారు, ఎడ్నా. వాళ్లు కనేలోపు ఆ మొగుళ్లు రావాలి."

"నాటకం వేస్తాను."

"నాటకానికైతే వస్తారు. నా దగ్గరికో?"

"వచ్చేట్టు చేస్తానుగా!"

నాటకం తయారైంది. రోగం దాచుకున్న మొగుడు, అది తెలిసిన పెళ్లాం. పెళ్లాం వేషానికి ఏ తల్లీ తన కూతుర్ని పంపలేదు. ఎడ్నా తనే వేసింది. ఊరంతా వచ్చింది. మొదటి రంగానికి పడీ పడీ నవ్వారు. రెండో రంగంలో ఆమె మొగుడి మీదికి వెళ్లి, "ఎక్కడ అంటించుకొచ్చావు?" అని నిలదీసింది.

వెనక వరుసలో ఆమె అన్న సిల్వాన్ లేచాడు. ఎటూ చూడకుండా తల వంచుకుని చీకట్లోకి నడిచాడు. అతని వెనక ఇంకొకడు, ఇంకొకడు. తల్లి వైపు నుంచి ఆ దీవిలో అందరివీ రెండే వంశాలు. తన వంశంలో తన ఈడు మగవాడు ప్రతివాడూ ఎడ్నాకి అన్నో తమ్ముడో అవుతాడు. అన్నదమ్ములు వింటుండగా ఆడపిల్ల అలాంటి మాట నోట పలకకూడదు. సిల్వాన్ ఒక్కడే తన అన్న అన్నట్టుగా, అతను వెనక కూర్చుంటే చాలుననుకుంది ఎడ్నా. పట్నంలో ఉండి ఉండి, సగం ఊరు తనకు అన్నదమ్ములని మరిచిపోయింది. వాళ్లు వెళ్లిపోయాక మిగతావాళ్లూ మొహాలు చూసుకుని లేచారు.

మర్నాడు వదిన వచ్చింది. అక్కడ అన్న చెల్లెలితో సూటిగా మాట్లాడకూడదు మరి.

"మీ అన్న అన్నం ముట్టలేదు. తప్పు కింద ఎర్ర చాప పంపమన్నాడు. ఊరి పెద్ద కూడా నాటకాలు కట్టిపెట్టమన్నాడు."

ఎడ్నా పెళ్లికి అల్లుకున్న ఎర్ర చాపను మడిచి వదిన చేతిలో పెట్టింది. "తప్పు నాదే. చాప ఇచ్చేస్తున్నాను. నాటకం మాత్రం ఆపను."

"మొండిఘటం!" అంది వదిన, వెళ్లకుండా అక్కడే కూర్చుంటూ.

అప్పుడే ఎడ్నా మేనత్త మొగుడు ఆండ్రూ తోవా కొబ్బరికాయలు మోసుకుంటూ వచ్చాడు. మేనత్త మొగుణ్ణి ఎంత ఎగతాళి చేస్తే అంత మర్యాద అక్కడ. మొగుడి వరసన వదినకూ ఆ హక్కుంది, ఊరుకుంటుందా!

"ఏం మావయ్యా, కాళ్లు ఎడంగా వేసి నడుస్తున్నావు? నీకూ అంటుకుందా?"

"మీ అత్తనడుగు. నాకు కాయలు బరువు, అంతే!"

ఎడ్నా నవ్వబోయి ఆగిపోయింది. వంశం లెక్కన ఊళ్లో సగం మంది మగవాళ్లకు ఇతను మేనత్త మొగుడే. సిల్వాన్‌కి కూడా. ఇతణ్ణి వాళ్లు ఏమన్నా అనొచ్చు. అనకపోతేనే తప్పు.

"మావయ్యా, రోగిష్టి వేషం నువ్వు వెయ్యి."

"ముసలాణ్ణి! నాకా ఆ రోగం?"

"అందుకే నవ్వుతారు. పెళ్లాం ఉండదు, ఆడవేషమే ఉండదు. నువ్వొక్కడివే. ఆకుల కోసం ఊరంతా తిరుగు. జనాన్నే అడుగు, ఏం చెయ్యమంటారని."

ఊరి పెద్ద ఒక పట్టాన ఒప్పుకోలేదు. "అన్నలుంటారు. నువ్వు ఎక్కడుంటావు?"

"ఆ దరిదాపుల్లోనే ఉండను."

"నీ నాటకం నువ్వే చూడవా?"

"చూడను. నాకు కావలసింది మగవాళ్లు రావడం."

పెద్ద కావా చిప్ప ఖాళీ చేసి, సరేనన్నాడు.

నాటకం నాటి సాయంత్రం ఎడ్నా ఊరి చివర క్లినిక్‌లో ఎథెల్‌తో కూర్చుని కట్లు కట్టే గుడ్డలు మడతపెట్టింది. మాటలు అంతదూరం రావు. నవ్వులు మాత్రం కెరటాల్లా వచ్చాయి. ఒకసారి చాలాసేపు ఏమీ వినబడలేదు. ఎడ్నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. తరవాత మగగొంతులు ఒక్కసారిగా అరిచాయి. ఏమని అరిచారో ఆమెకు తెలియలేదు. ఎథెల్ కిటికీ దగ్గరికి వెళ్లింది.

"మీ మావయ్యని భుజాల మీద మోసుకొస్తున్నారు. 'నర్సు దగ్గరికే పోదాం ముసలోడా' అని కేకలు. వెనక గుంపుంది." ఆమె గొంతు తగ్గించింది. "కొందరు నిజంగానే వస్తున్నట్టున్నారు, నవ్వడం లేదు. ఆ ఇద్దరమ్మాయిల మొగుళ్లూ ఉన్నారు. ఎడ్నా, వెనక గుమ్మంలోంచి వెళ్లిపో."

ఎడ్నా వెనక గుమ్మంలోంచి దిగి, తల తిప్పకుండా అరటితోట దారి పట్టింది. ఎవరెవరు వచ్చారో ఆ తరవాత కూడా ఎథెల్‌ని అడగలేదు. ఇద్దరు బిడ్డలూ చక్కటి కళ్లతో పుట్టారు.

ఇప్పుడు ఎడ్నా దీవిలోని బడులకు తిరిగి పిల్లలకు నాటకం నేర్పుతోంది. ఆండ్రూ తోవా ఆ వేషం ఏటా వేస్తూనే ఉన్నాడు. ఎడ్నా ఇంతవరకు ఆ నాటకం చూడలేదు.