తోడుకునేంత వెచ్చదనం

నవంబరులో ఒక ఉదయం, ఆఫీస్‌కి బయల్దేరుతుంటే బాబాయి ఫోన్ చేశాడు. "పిన్ని వెళ్లిపోయిందమ్మా. నిద్రలోనే," అన్నాడు. తర్వాత ఆయనే, "ఫ్రిజ్‌లో తోడు ఉంది. ఏం చెయ్యమంటావు?" అని అడిగాడు. "పారెయ్యకు బాబాయ్, వస్తున్నా," అన్నాను.

ఆ తోడు సంగతి అర్థం కావాలంటే ముందు మా పిన్ని మోటార్‌హోమ్ సంగతి చెప్పాలి.

మంచు పెద్దగా పడని మా ఊరు ఫ్రిస్కోలో స్కూలు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైంది పిన్ని. అందరూ క్రూజ్ బుక్ చేసుకోమంటుంటే, ఎవరో వాడిన డీజిల్ మోటార్‌హోమ్ ఒకటి కొనుక్కొచ్చింది. మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి. ఆవిడకి ఒకటే కోరిక. కొలరాడో కొండల్లో, కరెంటు కూడా లేని చోట, చుట్టూ మంచు కురుస్తుంటే ఆ బండిలో నిద్ర లేవాలి. "హోటల్ కిటికీలోంచి చూసే మంచు నాకొద్దే. అది టీవీలోనూ కనిపిస్తుంది," అనేది.

మంచులో పడుకోవాలంటే మంచి హీటర్ కావాలి. అక్కడ మొదలైంది రభస. నేను కరెంటు హీటర్ కొనమన్నాను. "అడవిలో ప్లగ్ ఎక్కడ పెడతావే, చెట్టుకా?" అంది. బాబాయి మాత్రం బండితో వచ్చిన పాత గ్యాస్ హీటరే చాలని పట్టుబట్టాడు. పిన్ని ఇద్దరి నోళ్లూ మూయించింది. "వాదనలొద్దు. బండిలో పెరుగు తోడేద్దాం. తోడుకుంటే అది హీటర్. లేకపోతే ఉత్త చప్పుడు."

నవ్వకండి. పెరుగుకి పెద్ద వేడి అక్కర్లేదు, రాత్రంతా ఒకే తీరుగా ఉంటే చాలు. నిద్రపోయే మనిషికి కావలసిందీ అదే కదా. చలి బాగా ముదిరిన రోజు చూసుకుని, డ్రైవ్‌వేలో ఆగి ఉన్న బండిలో గోరువెచ్చటి పాలలో తోడు వేసి, బాబాయిని కూడా లాక్కెళ్లి అక్కడే పడుకుంది. ఆ గ్యాస్ హీటర్ హోరుమని ఊదడం, టక్కున ఆగిపోవడం, చలి పుట్టాక మళ్లీ హోరుమనడం. పొద్దున మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి.

"నాకు వెచ్చగానే ఉందిగా!" అన్నాడు బాబాయి.

"మీకు కోటు ఉంది. గిన్నెకి లేదు."

డీజిల్ హీటర్ చూడ్డానికి నన్నూ షాపుకి తీసుకెళ్లింది. బండి ట్యాంకులోంచే కొంచెం కొంచెంగా డీజిల్ తీసుకుని సన్నగా మండుతూ ఉంటుందట. పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. దేనికి కావాలని షాపతను అడిగితే, "ఫర్ యోగర్ట్," అంది పిన్ని ఠీవిగా. తప్పు విన్నాననుకుని అతను మళ్లీ అడిగాడు. ఇంకేం, పెరుగు మీద ఒక క్లాసు జరిగిపోయింది! అంత ఎత్తున గాలి పలచగా ఉంటుంది కదా, అక్కడా సరిగ్గా మండుతుందా, విషవాయువు అలారం ఎక్కడ బిగించాలి అని ఆవిడ అడుగుతుంటే, అతను కుర్చీ లాక్కుని కూర్చుని మరీ చెప్పాడు.

అది బిగించిన మర్నాడు పొద్దున్నే ఫోన్. "తోడుకుందే! వంచినా కదలట్లేదే! రా, వచ్చి చూడు!"

మీటింగ్ వదిలేసి వెళ్లాను. నైటీ మీద స్వెటర్ వేసుకుని, చేతిలో గిన్నె పక్కకి వంచి పట్టుకుని, డ్రైవ్‌వేలో గంతులేస్తోంది మా పిన్ని. కుక్కతో నడుస్తున్న పక్కింటాయన కంగారుపడి ఆగితే ఆయనకీ వంచి చూపించింది. గిన్నెడు పెరుగుకి అంత సంబరపడొచ్చని నాకు నేర్పింది ఆవిడే. అందుకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

అప్పటికి ఆ ఏడు చలికాలం అయిపోవచ్చింది, తర్వాతి జనవరిలో కొలరాడో వెళ్దామనుకున్నాం. ఆ జనవరి ఆవిడ చూడలేదు.

బాబాయి బండి అమ్మేస్తానన్నాడు. "తోడు లేకుండా ఒక్కణ్ణీ ఎక్కడికి వెళ్తానమ్మా?"

"తోడు ఉంది బాబాయ్. మా ఫ్రిజ్‌లో," అన్నాను. ఆ రోజు తెచ్చుకున్న తోడుతో రోజూ పెరుగు వేస్తూ దాన్ని నిలబెట్టుకుంటూనే ఉన్నాను. ఆయన నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడ్చాడు.

కిందటి వారమే వెళ్లాం. కొండ మీద బండి ఆపి, బాబాయే పాలు కాచి, వేలు ముంచి చూసి, తోడు వేశాడు. తెల్లారేసరికి కిటికీలన్నీ మంచుతో మూసుకుపోయాయి. హీటర్ సన్నగా మూలుగుతూనే ఉంది. బాబాయి మూత తీసి, భయంభయంగా గిన్నె పక్కకి వంచాడు. కదల్లేదు!

తలుపు తోసుకుని, చెప్పులతోనే మోకాళ్ల దాకా మంచులోకి దిగిపోయాడు. "తోడుకుందే!" అని గొంతు చించుకుని అరిచాడు. నేను కోటు తీసుకుని వెనకే పరిగెత్తేసరికి, ఆయన మీద మంచు పడుతూ ఉంది, గిన్నె ఇంకా వంచే పట్టుకుని ఉన్నాడు, ఎదురుగా ఉన్న మనిషికి చూపిస్తున్నట్టు.