నంబరక్క సాయంత్రం డ్యూటీ

ఆ రోజుల్లో పై ఊళ్ళో ఉన్న మనిషితో మాట్లాడాలంటే ముందు నంబరక్కతో మాట్లాడాల్సిందే. ఫోనెత్తగానే "నంబర్ చెప్పండి" అనే గొంతు ఆమెది. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. పాలవాడు కూడా తలుపు తట్టి "నంబరక్కా, గిన్నె" అనేవాడు.

టెలిఫోను ఎక్స్‌ఛేంజి మేడ మీద పొడుగాటి గది. గోడ పొడవునా చెక్క బోర్డు, దాని నిండా కన్నాలు, ప్రతి కన్నం పక్కనా బుల్లి దీపం. దీపం వెలిగితే తీగ అందులో గుచ్చాలి, అడిగిన ఊరు కలపాలి, "మాట్లాడండి" అనాలి, తన వైపు మీట ఎత్తేయాలి. మీట ఎత్తాక ఆపరేటరుకు ఏమీ వినపడదు. అయితే మూడు నిమిషాలకోసారి మీట దించి "మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా?" అని అడగక తప్పదు. అడిగే ముందు అరమాటో, ఒక నవ్వో చెవిన పడక తప్పదు. అలా ఊరి సంగతులన్నీ ఆమె దగ్గరికి ముక్కలు ముక్కలుగా వచ్చేవి. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. "గోడలకు చెవులుంటాయంటారు, పరవాలేదు, నోరు లేకపోతే చాలు," అనేది పక్క సీటు అమ్మాయితో.

ఆమెకు దొరికింది సాయంత్రం డ్యూటీ, ఆమెకు కుదిరేదీ అదే. ఇంట్లో నాన్నకు చూపు పోయింది. పగలంతా ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి. ప్రెస్సులో పని ముగించుకుని తమ్ముడు ఇల్లు చేరగానే ఆమె చెప్పులేసుకునేది. మెట్లెక్కి, హెడ్‌ఫోను తగిలించుకుని, దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే చూస్తూ కూర్చున్నప్పుడు తానూ ఒక మనిషినేనని అనిపించేది. ఇంట్లో అలా అనిపించేది కాదు పాపం.

అప్పట్లో ఒక మంత్రి ఉండేవాడు. నిప్పులాంటి మనిషని ఆయన మనుషులే ఊరంతా చాటగా చాటగా, జనం ఆయన్ని నిప్పుగారనే పిలవసాగారు. మైకు దొరికితే చాలు, కుటుంబం పరువు, ఆడదాని మర్యాద. సినిమా పోస్టర్ల మీద తారు పూయించాడు. పార్కు బెంచీల మీద జంటగా కూర్చున్నవాళ్ళను పోలీసుల చేత తోలించాడు. భార్య పక్కన లేకుండా ఫోటో దిగేవాడు కాదు.

ఆ నిప్పుగారే, రోజూ పొద్దుగుంకే వేళకు, సెక్రటరీ చేత కాకుండా స్వయంగా ఫోనెత్తి ఒక చిన్న ఊరి నంబరు అడిగేవాడు. అవతల ఒక టీచరమ్మ. నంబరక్కకు మూడు నిమిషాలకోసారి చెవిన పడ్డవి ఇవే: "మందు వేసుకున్నావా?" "ఇవాళ ఎవరినీ తిట్టకుండా మాట్లాడారా?" "నువ్వు నవ్వు, తర్వాత చెప్తా." అంతకుమించి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే ఆమెకు ఫోనులో మంత్రే నచ్చేవాడు. సభలో అరిచేవాడిని చూస్తే మాత్రం, అంత మంచి గొంతును ఎక్కడ పారేసుకున్నాడా అని జాలేసేది.

ఇంతలో నిప్పుగారు కొత్త చట్టం తలపెట్టాడు. చీకటి పడ్డాక ఆడవాళ్ళు ఆఫీసుల్లో పనిచేయకూడదట. నంబరక్క లెక్క వేసుకుంది. పగటి డ్యూటీకి మారితే నాన్న ఒంటరి, మారకపోతే ఉద్యోగం లేదు.

పక్క సీటు అమ్మాయి ఊరుకోలేదు. "అక్కా, ఆయన గుట్టు నీ గుప్పిట్లో ఉంది. పత్రికవాళ్ళకి ఒక్క మాట చెప్పు, చట్టం చట్టుబండలవుతుంది."

"ఆ మాట నాది కాదే. వాళ్ళిద్దరిది."

"ఆయన మన పొట్ట కొడుతుంటే?"

"కొడుతున్నది ఆయన. ఆ టీచరమ్మ కాదుగా."

అయినా చేతులు కట్టుకు కూర్చోలేదు. నలుగురు ఆపరేటర్లను వెంటబెట్టుకుని మంత్రి ఆఫీసుకు వెళ్ళింది. నున్నటి బల్ల వెనక నిప్పుగారు కాగితాల్లోంచి తలెత్తకుండానే ఉపన్యాసం అందుకున్నాడు. "ఇంటికి దీపం ఇల్లాలన్నారమ్మా. దీపం సాయంత్రం పూట ఇంట్లో ఉండాలా, ఆఫీసులో ఉండాలా?"

"మా ఇంట్లో దీపం మా తమ్ముడు పెడతాడండీ," అంది నంబరక్క. "నా సీట్లో నన్ను ఉండనివ్వండి."

ఆయన చేతిలో కలం ఆగిపోయింది. ఏడాదిగా రోజూ వింటున్న గొంతు. మెల్లగా తలెత్తి చూశాడు. ఆమె వేడుకోవడానికి వచ్చింది, ఆయనకు బెదిరించడానికి వచ్చినట్టు తోచింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు. "పరిశీలిస్తాం" అని పంపించేసి, ఆ వారమే చట్టం మీద సంతకం చేయించాడు. ఆ గొంతు బోర్డు దగ్గర లేకపోతే తన గుట్టుకు ఢోకా లేదనుకున్నాడు కాబోలు.

నంబరక్క చివరి సాయంత్రం కూడా ఆ దీపం వెలిగింది. ఎప్పటిలాగే తీగ గుచ్చి, "మాట్లాడండి" అని, మీట ఎత్తేసి, అప్పుడు ఏడ్చింది.

ఆ సీట్లోకి ఒక మగ ఆపరేటరు వచ్చాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. పైగా మీట ఎత్తే అలవాటే లేదు. నెల తిరక్కుండానే పత్రికల నిండా నిప్పుగారి సాయంత్రాలే. తాను తీసిన గోతిలో తానే పడ్డాడని ఊరు విరగబడి నవ్వింది. పక్క సీటు అమ్మాయి పత్రిక పట్టుకుని పరుగెత్తుకొచ్చింది గానీ, నంబరక్కకు నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదో తర్వాత అందరికీ తెలిసింది. నిప్పుగారు కళ్ళనీళ్ళతో రాజీనామా ఇచ్చి, ఒక ఆడదాని వలలో పడ్డానని మైకులో వాపోయాడు. ఆ రోజుల్లో కనీసం రాజీనామా అనేది ఒకటుండేది. ఇప్పటివాళ్ళకు ఆ సిగ్గు కూడా లేదు, దొరికిపోయిన మర్నాడే దండలేయించుకుంటున్నారు. సరే, ఆయన తర్వాతి ఎన్నికల్లో మళ్ళీ గెలిచాడు. టీచరమ్మ ఉద్యోగం పోయింది, అద్దె ఇల్లు ఖాళీ చేయించారు. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే కదా.

కొన్నాళ్ళకు చట్టం రద్దయింది. సాయంత్రం డ్యూటీకి రమ్మని నంబరక్కకు కబురూ వచ్చింది. కానీ ఆమె వెళ్ళేసరికి బోర్డును గోడ నుంచి ఊడదీస్తున్నారు. ఇకపై ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకోవచ్చట. తీగలన్నీ నేల మీద కుప్పగా పడి ఉన్నాయి. ఒక బుల్లి దీపాన్ని కొంగున ముడేసుకుని మెట్లు దిగింది. ఇప్పటికీ అది గూట్లోనే ఉంది.

ఏళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గుమ్మంలో నెరిసిన జుట్టుతో ఒకావిడ. "నంబరక్క ఇల్లు ఇదేనాండీ?"

మొహం ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం మొదటి మాటకే తెలిసిపోయింది. ఆ టీచరమ్మే. తన బతుకు వీధిన పడేసింది నువ్వేనా అని నిలదీయడానికి వచ్చిందనుకుంది నంబరక్క.

"నేను చెప్పలేదమ్మా," అంది గబగబా. "ఒట్టు. ఎవరికీ చెప్పలేదు."

"తెలుసండీ." ఆవిడ చెప్పులు విడిచి లోపలికొచ్చి చాప మీద కూర్చుంది. "మీ గొంతు మారిన రోజే నాకు భయం పట్టుకుంది. 'ఇవాళ ఎవరో కొత్తాయన ఉన్నారు, పెట్టేయండి' అన్నాను. ఆయన వినలేదు."

నాన్న మంచం మీంచి తల తిప్పాడు. "ఎవరమ్మా?"

"నాకు తెలిసినావిడే నాన్నా."

ఆవిడ గొంతు తగ్గించింది. "అందరూ వచ్చి అడిగారండీ. పత్రికలవాళ్ళు, బడివాళ్ళు, బంధువులు. ఎంతకాలంగా, ఎన్నిసార్లు, ఎక్కడ అని. ఏమైంది, ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరితోనూ నోరు విప్పలేక ఇంతదూరం వచ్చాను. మీరు ఒకప్పుడు రోజూ అనేవారు కదా, అది ఒక్కసారి అనండి."

నంబరక్క మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. అన్నేళ్ళుగా నోటికి రాని మాట, ఏ మాత్రం మారకుండా వచ్చింది.

"మాట్లాడండి."

ఆవిడ మాట్లాడింది. మొదలుపెట్టినప్పుడు ఎండ గుమ్మంలో ఉంది, తమ్ముడు వచ్చి దీపం పెట్టేసరికి కూడా ఇంకా మాట్లాడుతూనే ఉంది. మూడు నిమిషాలయ్యాయని ఎవరూ అనలేదు.