మావయ్యగారి సిమెంటు మండపం

మొన్న రాజమండ్రిలో మా పై వాటా అమ్మాయి, బాత్రూమ్ రిపేరు చేయించగా మిగిలిన ఇటుకలూ, కాస్త సిమెంటూ చూపించి, "పిన్నిగారూ, వీటితో మా అక్వేరియంలో చిన్న గుహ కట్టుకోవచ్చాండీ?" అని అడిగింది. కట్టుకో గానీ, కట్టగానే చేపల దగ్గర పెట్టకు, నెల పైగా నీళ్లు మారుస్తూ నానబెట్టు అన్నాను. అంత ఓపిక ఎవరికుంటుందండీ అని నవ్వింది. మా మావగారికి ఉండేది. అయితే అది పుట్టుకతో వచ్చిన ఓపిక కాదు.

మావగారు భీమవరం అవతల నలభై ఏళ్లు చేపల చెరువులు చేసిన మనిషి. చేపల సంగతి ఆయనకి చెప్పబోవడమంటే గొడవ కొనితెచ్చుకోవడమే. ఎవర్నీ ఏదీ అడిగే అలవాటు లేదు, అత్తగారి చీర రంగు కూడా ఆయనే తేల్చేవారు. ఆవిడ మోకాలి ఆపరేషనై కుర్చీకి అతుక్కుపోయినప్పుడు, మా ఆయన ఒక గాజుతొట్టె, రెండు గోల్డ్‌ఫిష్‌లూ తెచ్చిపెట్టారు. ఇక పొద్దస్తమానం వాటితోనే కబుర్లు. ఆ నెలల్లో ఆవిడ మొహాన నవ్వు కనబడేది ఆ తొట్టె ముందే. అది చూసి మావగారికి ముచ్చటేసింది. నోటితో చెప్పే రకం కాదు కదా, సిమెంటు కలిపి బుల్లి నాలుగు స్తంభాల మండపం చేశారు. ఎంత ముద్దొచ్చిందో! మర్నాడే తొట్టెలో దింపేయబోతుంటే, "కొత్త సిమెంటు కదా మావయ్యగారూ, నీళ్లలోకి సున్నం దిగుతుందేమోనండీ" అన్నాను. "ఏంటమ్మాయ్! చెరువుకి బస్తాలకి బస్తాలు సున్నం చల్లిస్తాను నేను. సున్నం చేపకి మందు!" అన్నారు. అంటూనే తొట్టెలో దింపేశారు.

ఎకరాల చెరువులో మందైంది కాస్తా నాలుగు బిందెల నీళ్లలో విషమైంది. తెల్లారేసరికి పెద్ద చేప వెల్లకిలా తేలింది. చిన్నది పైకొచ్చి నోరు తెరుచుకుని కొట్టుకుంటోంది. "ఏవండీ, దీన్నైనా బతికించండి" అని అత్తగారు కుర్చీలోంచి లేవలేక ఏడ్చేసింది. ఆయన గబగబా చిన్నదాన్ని నిలవ నీళ్ల బకెట్లోకి మార్చి, చెరువులకి వాడే పీహెచ్ కిట్ తెచ్చి తొట్టె నీళ్లు చూశారు. సున్నం మితిమీరిందని చెప్పే ఆ రంగు చూసి కూలబడిపోయారు. "నా చేతులతో నేనే చంపానే" అన్నారు. ఆయన తన తప్పు ఒప్పుకోగా నేను వినడం అదే మొదలు. నాకూ కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ రోజు నుంచి మండపం పెరట్లో ప్లాస్టిక్ టబ్బులో నానింది. రోజూ నీళ్లు మార్చేవారు. వారానికోసారి రెండు రోజులు మార్చకుండా ఉంచి, కిట్‌తో చూసేవారు. రంగు తేడాగా ఉంటే మళ్లీ మొదటికే. పోనీ దీని బదులు కొత్త ప్లాస్టిక్ పైపు ముక్క కడిగి పెడదాం, ఏ గొడవా ఉండదు అని నేనంటే వినలేదు. నలభై రోజులకి టబ్బు నీళ్లూ మామూలు నీళ్లూ ఒకే రంగు చూపించాయి. ఆయన మండపం పట్టుకొచ్చి, కోలుకున్న చిన్న చేప ముందు కూర్చున్న అత్తగారి దగ్గర నిలబడి, "పెట్టనా?" అని అడిగారు.

ఆవిడ తెల్లబోయి నా వైపు చూసింది. తమాయించుకుని, "ఇంకో వారం నాననివ్వండి" అంది. మండపాన్ని మళ్లీ టబ్బు దగ్గరికి తీసుకెళ్లిపోయారాయన. నీళ్లు బాగానే ఉన్నాయిగా, ఇంకా వారం ఎందుకండీ అన్నాను. "మళ్లీ అడుగుతారు కదే" అంది, గుసగుసగా.

నలభై ఏళ్ల కాపురానికి చెవినబడ్డ మాట. ఇంకోసారి వినడానికి ఒక్క వారం ఆగడం ఆవిడకో లెక్కా!