అన్న చెట్టుకు పోసిన నీళ్లు

పోయిన నెల మరిపెడలో మా వదిన పదో రోజు. బంధువులం విస్తళ్ల ముందు కూర్చున్నాం. మా మేనత్త కొడుకు, నాకు బావ, పప్పు కలుపుకుంటూ పక్కనున్న వాళ్లకు కథ చెప్పడం మొదలుపెట్టాడు. "మా బామ్మర్ది అడివిల నుంచి తెచ్చిన చెట్టొకటి ఉండె. ఆయిన పోయినంక ఎండిపోతాంటె మా అమ్మనే నీళ్లు పోసి బతికిచ్చింది. పోసుడు పోసుడు, ఆఖరికి పూసింది." నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చావు జరిగిన ఇంట్లో కేకలు వేయడం మర్యాద కాదు కాబట్టి లేచి చేయి కడుక్కున్నాను. బస్సు హనుమకొండ చేరేదాకా కోపం తగ్గలేదు. ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు. మేనత్త ఎప్పుడో పోయింది, ఇప్పుడు వదినా పోయింది. నేను ఊరుకుంటే ఇక బావ చెప్పిందే జరిగినట్టు మిగులుతుంది.

డెబ్బైల చివర్లో మేము వరంగల్‌లో కొత్తవాడలో ఉండేవాళ్లం. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద నాయిన, ఇంకోదాని మీద వదిన జంపఖానాలు నేసేవారు. అన్నకు మగ్గం పడలేదు. గుంటలో కాళ్లు తిమ్మిరెక్కుతాయనేవాడు కానీ, అసలు సంగతి ఒకచోట కూర్చోలేకపోవడం. ఏటూరునాగారం బస్సులో కండక్టర్‌గా చేరాడు, అక్కడ రోజంతా నిలబడే ఉండేవాడు. ఒక వానాకాలం దారిలో ఇప్పచెట్టు కూలి బస్సు ఆగిపోతే, దాని కొమ్మ ఒకటి విరిచి ఇంటికి తెచ్చాడు. కొమ్మను పట్టుకుని ఒక చెట్టు ఉంది. వేళ్లు తెల్లగా, చిటికెన వేలంత లావుగా గాలిలో వేలాడుతున్నాయి. ఆకులు మందంగా, మధ్యకు మడిచినట్టు రెండు వరసల్లో ఉన్నాయి. మట్టితో పని లేదు. మా దిక్కున దాన్ని బదనిక అంటారు. ఆర్కిడ్ అంటారని నేను తర్వాత లైబ్రరీ పుస్తకంలో చదివాను. రంగు వేసిన నూలు ఆరేసే చూరు కింద అన్న దాన్ని వేలాడదీశాడు.

అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో మా ఇంటి పెత్తనం పక్క గల్లీలో ఉండే మేనత్తది. కొమ్మను చూడగానే ఆమె ముక్కు మీద వేలేసుకుంది. "చెట్టు మీద బతికే చెట్టును ఇంట్ల పెడ్తార్రా? ఇల్లంత పీల్సుక తింటది." అన్న టోపీ తీసి వంకెకు తగిలిస్తూ, "అత్తా, నువ్వు రెండు పూటల ఈడ్నే తింటాన్నవ్. మా ఇల్లేమన్న కూలిందా?" అన్నాడు. నాయిన మగ్గం మీద నుంచే నవ్వాడు. మేనత్త ఆ పూట మాత్రం తినకుండా పోయింది.

ఆ చెట్టును ఎలా చూసుకోవాలో అన్న ఎవరినీ అడగలేదు. రోజూ అదే అడవి దారిలో పోతూ వస్తూ ఏడాది పొడుగునా గమనించాడు. వానల్లో ఆ చెట్లు తడిసి ముద్దవుతాయి. చలికాలం వచ్చాక వాటికి చుక్క నీరు ఉండదు. ఆకులు ముడుచుకుంటాయి, వేళ్లు సున్నం పూసినట్టు పాలిపోతాయి, చచ్చిపోయాయనిపిస్తాయి. ఎండలు ముదిరాక, ఇప్పచెట్టుకు ఆకు కూడా లేని రోజుల్లో, ఆకు మొదట్లోంచి ఒక మొలక తోసుకొస్తుంది. అది గుండ్రంగా ఉంటే వేరు, కొంచెం చదునుగా ఉంటే పూల కాడ. అన్నా వదినా పొద్దున్నే చాయ్ గ్లాసులు పట్టుకుని ఆ మొలక కింద నిలబడి వేరా, కాడా అని పందెం వేసుకునేవారు. ఎక్కువసార్లు వదినే గెలిచేది. దసరా దాటగానే అన్న ఇంట్లో అందరికీ చెప్పేవాడు: "ఇగ నీళ్లు బంద్. ఇది జర పండుకోవాలె, లేపకుండ్రి." పూలు చూడటానికి గొప్పవేమీ కావు. గోధుమరంగు రెక్కల మీద గళ్లు, మధ్యలో నీలం నాలుక. వాసన మాత్రం మగ్గిన పండు లాగా చూరంతా పట్టుకునేది. ఆ గళ్లు జంపఖానాలో వేస్తే బాగుంటుందని వదిన అనేది.

ఒక ఏడు వానలు వెనకబట్టే సమయంలో అన్నకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆకుపసరన్నారు, తాయెత్తన్నారు. దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. వదిన అందరి ముందూ గుండెలు బాదుకోలేదు. కర్మలు ముగిసిన మర్నాడు మగ్గం గుంటలోకి దిగింది. సగం నేసిన జంపఖానా అలాగే వదిలేస్తే పడుగు సడలిపోతుంది. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లు మగ్గం చప్పుడు విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "రాయి. మా పిలగాని మీద గింత పాయిరం లేదు" అంది మేనత్త, లోపలికి వినబడేటట్టు.

అప్పుడే ఆమె కన్ను చెట్టు మీద పడింది. అన్న బతికున్నన్నాళ్లూ దాన్ని ఇల్లు పీల్చే చెట్టన్న మనిషి అన్న పోయాక దానికి భక్తురాలైంది. ఆకులు ముడుచుకోవడం మొదలైన రోజులవి. "చూసిండ్రా? మొగడు తెచ్చిన చెట్టుకు గుక్కెడు నీళ్లు పోత్తలేదు" అని చెంబుతో నీళ్లు తెచ్చి నెత్తిన కుమ్మరించింది. ఆ తర్వాత అదొక ఆచారమైపోయింది. పరామర్శకు వచ్చిన ప్రతి ఆడమనిషీ తలా ఒక చెంబు పోసేది. పట్టుకుని ఏడవడానికి వదిన దొరకలేదు వాళ్లకు, చెట్టు దొరికింది.

"అత్తమ్మా, నీళ్లొద్దు. గిది పండుకునే కాలం. కుళ్లుతది" అని వదిన చెప్పింది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు చెప్పింది.

"అవు బిడ్డా, చెట్టును పండవెట్టు, మామను పండవెట్టు, నువ్వొక్కదానివే లేసి మగ్గం ఏలుకో" అంది మేనత్త. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు.

చలి ముదిరింది. ఆకుల మడతల్లో నిలిచిన నీళ్లకు చెట్టు మొవ్వు నల్లబడి మెత్తగా జారిపోయింది. ఒక పొద్దున వదిన దారాలు కోసే బ్లేడుతో పై భాగమంతా కోసేసింది. అడుగున నాలుగైదు ఆకులు మిగిలాయి. గాయం మీద పెట్టడానికి వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చింది. సరిగ్గా అప్పుడే మేనత్త గడప దాటి లోపలికి వచ్చింది. మొగుడు పోయి ఏడాది తిరగని ఆడది పసుపు ముట్టింది, అది కూడా మొగుడి చెట్టు తల కోసి. మేనత్త వేసిన కేకకు గల్లీ అంతా మా వాకిట్లో ఉంది.

ఆ పగలే ఇంట్లో పంచాయితీ. మేనత్తకు నిజంగా కావలసింది ఏమిటో అప్పటికి నాకు అర్థమైంది. పని లేకుండా తిరిగే తన కొడుకు వదిన మగ్గం మీద కూర్చోవాలి. వదినకు ఆ మగ్గం తప్ప ఇంకేమీ లేదు. మరిపెడలో ఆమె అన్నదమ్ములు మగ్గాలు ఎప్పుడో అమ్మేసి రోడ్డు పక్కన చాయ్ హోటల్ పెట్టుకున్నారు. అక్కడికి పోతే ఆమె కడిగేది గ్లాసులే. ఇది అక్కడున్న అందరికీ తెలుసు.

"ఎందుకు కోసినవ్ బిడ్డా?" అని నాయిన అడిగాడు.

"కుళ్లింది మామా. కొయ్యకుంటే కిందికి దిగుతది."

"ఆయిన చెట్టునే చూసుకోనిది రేపు నిన్నేం చూత్తది తమ్మీ? ఎండాకాలం దాక అమ్మగారింటికి పంపు. మగ్గం ఖాళీగ ఉంటే పాడైతది, నా కొడుకు కూసుంటడు. నువ్వేం ఫికర్ జెయ్యకు" అంది మేనత్త.

నాయిన చాలాసేపు నూలు కండెను వేళ్ల మధ్య తిప్పాడు. చెట్టు ఎందుకు ఎండబెట్టాలో ఆయనకు తెలుసు, అన్న నోటి నుంచి ఏటా విన్నాడు. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. "ఎండాకాలం దాకనే కద" అన్నాడు. నాయిన మంచివాడని ఇప్పటికీ అందరూ అంటారు. ఆ మంచితనం మీద నాకున్నంత కోపం మేనత్త దుర్మార్గం మీద కూడా లేదు.

పోతూ పోతూ వదిన నాకు చెప్పింది ఒకటే. "పిల్లా, ఎవ్వల్నీ నీళ్లు పొయ్యనియ్యకు." నేను కాపలా కాయాల్సిన అవసరం రాలేదు. చచ్చిందనుకుని మేనత్త దాని వంక చూడటం మానేసింది. అందుకే అది బతికింది. వానల్లో నేను తడిపాను, దసరా దాటాక ఆపేశాను. మరుసటి ఏడు పక్కనుంచి ఒక పిలక వచ్చింది. వదినను మాత్రం ఎవరూ పిలవలేదు. ఎండాకాలం వచ్చి పోయింది, ఇంకొకటి కూడా పోయింది. మూడో ఎండాకాలంలో పాత మొదట్లోంచి మొలక తోసుకొచ్చింది. రోజూ పొద్దున కాలేజీకి పోయే ముందు కింద నిలబడి చూసేదాన్ని. గుండ్రంగా లేదు. చదునుగా ఉంది.

పూలు విచ్చిన రోజు మేనత్త గల్లీ ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చి చూపించింది. "నేను పోసిన నీళ్లు ఊకెనే పోతయా?" అంది. మర్నాడు కొమ్మతో సహా చెట్టును బుట్టలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మరిపెడ బస్సెక్కాను.

వదిన హోటల్ వెనక బొగ్గుల పక్కన కూర్చుని గ్లాసులు కడుగుతోంది. చేతులు తుడుచుకుని బుట్టలోకి వంగింది. కోసిన చోటు బొటనవేలితో తడిమి చూసింది. "మంచిగ మానింది" అంది. తర్వాత నా మొహం చూడకుండా అడిగింది.

"మగ్గం మీద బావనే కూసుంటాండా?"

"ఆఁ."

"అంచులు సక్కగ వత్తాన్నయా?"

"లేదు వదినా. వంకర పోతాన్నయి. సేటు రెండుసార్లు వాపస్ పంపిండు."

అప్పుడు నవ్వింది, అన్న పోయాక నేను మొదటిసారి చూసిన నవ్వు. హోటల్ ముందు వైపు నుంచి ఎవరో గ్లాసులని అరిచారు. ఆమె లేచి అటు నడిచింది.

ఆమె ఆ హోటల్ వెనక ఇంకా ముప్ఫై ఏళ్ల పైన బతికింది, మళ్లీ మగ్గం ఎక్కలేదు. కాలం అన్నీ సర్దుతుందని మా ఇంట్లో అనేవారు. సర్దింది నిజమే, ఆమె ఏళ్లు ఖర్చుపెట్టి.