ఇసుక దిబ్బ మీద చాప

మర్రిపాడు నుంచి ఒమన్‌లోని ఈ సముద్రపు ఊరికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ సాయంత్రం నీళ్లకు దూరంగా ఇసుక దిబ్బ మీద చాప వేసి బాబును నిద్రపుచ్చాం.

"నాన్నా, ఇక్కడిదాకా నీళ్లొస్తాయి," అంది ఇక్కడే పుట్టిన మా ఎనిమిదేళ్ల పాప.

"ఆడెక్కడో ఉండాయి గదమ్మే, కూర్చో," అన్నాడు మా ఆయన.

మేం టీ తాగి కబుర్లలో పడేలోపు సముద్రం పోటెక్కి దిబ్బ చుట్టూ నీళ్లు తిరిగాయి. బాబును ఆయన భుజానేసుకున్నాడు. పాపకు ఛాతీదాకా వచ్చిన నీళ్లలో దాని చెయ్యి వదలకుండా నడిచాను. చాప కొట్టుకుపోయింది.

కారెక్కాక ఆయన అన్నాడు. "మన చెరువులో నీళ్లు తగ్గేదే చూస్తా పెరిగినాను గానీ, కూర్చున్న కాడికి వచ్చేది ఎప్పుడు చూసినాను?"

నాదీ ఆ మెట్ట ఊరే. ఏమని తిట్టను, మీరే చెప్పండి.