నింద మిరపకాయలది, జబ్బు రక్తానిది

2003లో బ్రాడీపేటలోని ఒక కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. డాక్టర్ గారు చూసేముందు కళ్ళు పరీక్షించడం నా పని. ఎండాకాలం వస్తే మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళతో మా బెంచీలు నిండిపోయేవి. కాశింబీ వాళ్ళలో ఒకామె. వస్తూనే పక్కనున్న స్టూలు కనపడక తట్టుకుంది.

అనుమానం వచ్చి, కంటి ఒత్తిడి కొలిచే టోనోమీటర్ పెట్టాను. రెండు కళ్ళలోనూ ఎక్కువే. చూపు ఎంత మేరకు ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్ చేస్తే, పక్కచూపు చాలావరకు పోయినట్టు కనపడింది. చూపునరాన్ని మెల్లగా తినేసే నీటికాసుల జబ్బని డాక్టర్ గారు తేల్చారు.

"కారం ఘాటుకే పోయింది సార్," అంది కాశింబీ.

"ఇంట్లో ఇంకెవరికైనా పోయిందా?"

"మా నాన్నకి. పొదిల్లో టైలరు. సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ పోయింది. మా అన్న లారీ డ్రైవరు. ఎదురు లైట్లు కొట్టి పోయింది."

నాకు ఒళ్ళు మండింది. మనిషికో కారణం వెతుక్కున్నారు గానీ, ముగ్గురిదీ ఒకే రక్తమని ఎవరికీ తట్టలేదు.

"కారం మంట పుట్టిస్తుందమ్మా, ఈ జబ్బు పుట్టించదు. జన్యువుల్లో చిన్న చిన్న తేడాలు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. అవి ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, కానీ తోబుట్టువులకు ముప్పు ఎక్కువ. ఇంకెవరున్నారు?"

"చెల్లెలుంది, అద్దంకిలో గాజుల కొట్టు. దానికేం సార్, గాజు మీద సన్న గీత కూడా కనపడుద్ది."

"ఎదురుగా ఉన్నది నీకూ కనపడుతోందిగా. ముందు పోయేది పక్కచూపే. వెంటనే తీసుకురా."

మూడో రోజు చెల్లెలు మొహం చిట్లించుకుంటూ వచ్చింది. "బేరాలప్పుడు కొట్టు మూసుకొచ్చా. నాకే రోగం లేదండీ."

"లేకపోతే నన్ను తిట్టిపోదువుగాని, కూర్చో."

ఒత్తిడి ఎక్కువగానే ఉంది. చూపునరం దెబ్బతినడం అప్పుడే మొదలైందని, పక్కచూపు మాత్రం ఇంకా పోలేదని డాక్టర్ గారు చెప్పారు. రోజూ చుక్కలమందు వేసుకుంటే ఉన్న చూపు నిలబెట్టవచ్చన్నారు.

కాశింబీ నా వైపు తిరిగింది. "నాకూ ముందే చూసుంటే నిలబడేదా సార్?"

"నిలబడేదమ్మా," అన్నాను. అంతకుముందు ఏడాది ఆమె కళ్ళు మంటలని వచ్చినప్పుడు, ఒత్తిడి కొలవకుండానే కార్డు మీద 'మిర్చి ఘాటు' అని రాసి పంపేసింది నేనే. అది ఆమెకు చెప్పి క్షమించమన్నాను. ఆమె, "మా అన్నకి ముగ్గురు పిల్లలు. ఎప్పుడు తీసుకురమ్మంటారు?" అంది.

అప్పటినుంచి ఎవరు వచ్చినా, ఏం పని చేస్తారని అడిగే ముందు ఇంట్లో ఎవరికి చూపు పోయిందని అడుగుతున్నాను.